గోడలో సగం

నేను ఉండే ఇల్లు శ్రీకాకుళం పాతవూరులో, నాగావళిలోకి దిగే ఒక సందులో ఉంది. సందు మొదటి నుంచి ఏటి మెట్ల దాకా ఒక వరసలో పదకొండు ఇళ్లు. మాది ఏడోది. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ ఉండదు. ఒక ఇంటి పక్కగోడే తరువాతి ఇంటికి కూడా గోడ. ఈ సంగతి ఆ సందులోకి మొదటిసారి వచ్చిన రోజునే నా కళ్లకు కనిపించింది గాని బుర్రకెక్కలేదు. ఎక్కడానికి ఇరవై రెండు నెలలు పట్టింది. ఆ ఇరవై రెండు నెలలూ మా ఆవిడవి.

మాది ఉద్దానం. పూండి స్టేషన్‌లో దిగి సముద్రం వైపు నడిస్తే వచ్చే ఊళ్లలో ఒకటి. ఇసక నేల, కొబ్బరి, జీడితోటలు. అక్కడ ఇల్లంటే తోటలో విడిగా ఉంటుంది. చుట్టూ మనిషి తిరిగి రావచ్చు. ఏ గోడ బయటికెళ్లి నిలబడినా మీద గాలే కొడుతుంది. పక్కింటి వాళ్లని పిలవాలంటే కేకెయ్యాలి.

నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని. బస్తా ఎక్కుతుంది, ముల్లు ఆగుతుంది, నేను రాస్తాను. రోజంతా అంకెల మధ్య ఉన్నవాడికి అంకెల మీద ఇష్టమైనా పుడుతుంది, విసుగైనా పుడుతుంది. నాకు ఇష్టం పుట్టింది. ఒక ముసలి తాపీమేస్త్రి దగ్గర ఇళ్ల ఆయం లెక్క చూసి, మిగతాది పాత పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఇంటి పొడవు, వెడల్పు గజాల్లో కొలిచి రెండూ గుణిస్తారు. వచ్చినదాన్ని తొమ్మిదితో గుణించి ఎనిమిదితో భాగిస్తారు. మిగిలిన శేషాన్ని బట్టి ఆ ఇంటి ఆయం. ఒకటి, మూడు, అయిదు, ఏడు మిగిలితే మంచివి. సరిసంఖ్య మిగిలితే మంచిది కాదు. నాలుగు మిగిలితే శ్వానాయం అంటారు. ఆ ఇంట్లో వాళ్లకి తగువులు, తిరుగుడు, నిలకడ లేకపోవడం అని చెబుతారు.

చేయగా చేయగా నాకొకటి తెలిసింది. తొమ్మిదితో గుణించినా, గుణించకపోయినా శేషం మారదు. తొమ్మిదిలోంచి ఎనిమిది పోతే ఒకటే మిగులుతుంది కాబట్టి. పుస్తకంలో ఆ మాట లేదు, మేస్త్రీ చెప్పలేదు. నా అంతట నేను కనిపెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇంటివాళ్ల ముందు కాగితం మీద తొమ్మిదితో గుణించే చూపించేవాణ్ణి. గుణకారం పొడుగ్గా ఉంటేనే వాళ్లకి నమ్మకం. చుట్టుపక్కల ఊళ్లలో పునాది తవ్వే ముందు నన్ను పిలిచేవారు. డబ్బు తీసుకోలేదు. కాఫీ, ఒక కొబ్బరిగెల. కాని ఆ పిలుపు నాకు కావలసినదే.

మా ఆవిడ నా మేనమామ కూతురు. మాకు పిల్లలు లేరు. ఎనిమిది నుంచి పది దాకా శ్రీకాకుళంలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదివింది. కార్తీక సోమవారాల్లో వాళ్లందరినీ ఏటికి తీసుకెళ్లేవారట. ఆ మూడేళ్లే తన బతుకులో పట్నం. పెళ్లయిన నాటి నుంచీ ఒకటే మాట. "ముసలాళ్లమయ్యాక ఏటి దగ్గర ఇల్లు తీసుకుందాం బావా. పొద్దున్న లెగిసి నీళ్లు సూడాల." ఊళ్లో అంత సముద్రం ఉంది కదా అంటే, "సముద్రం ఎటూ ఎల్దు. ఏరైతే ఎల్తాది" అనేది.

ముసలితనం రాకముందే రక్తపరీక్ష కాగితం వచ్చింది. మా ప్రాంతంలో ఇంటింటా కిడ్నీ జబ్బే, ఆ కాగితం చదవడం అందరికీ వచ్చు. క్రియాటినిన్ ఎదురుగా ఉన్న అంకె ఒక్కటే చూస్తారు. ఆమెది రెండున్నర. మూడు నెలలకోసారి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్లేవాళ్లం. కాశీబుగ్గలో బస్సెక్కితే టెక్కలి, కోటబొమ్మాళి, నరసన్నపేట దాటుకుని రెండు గంటల పైన. డాక్టరు చూసేది అయిదు నిమిషాలు. మిగతా పూట ఆమె నన్ను పాతవూరంతా తిప్పేది. నవాబుల నాటి మసీదు, గుడివీధి, కోటేశ్వరస్వామి గుడి. గుడి వెనక రేవుకి మాత్రం వెళ్లేది కాదు, ఇల్లు తీసుకున్నాకే ఏరు చూస్తానని. అలా తిరుగుతున్న రోజునే ఈ సందులో, పెంకుటింటి అరుగు పక్కన 'ఇల్లు అమ్మబడును' అన్న రేకు కనిపించింది.

ఇంటావిడ రిటైరైన టీచరమ్మ. పెళ్లి చేసుకోలేదు. వాళ్ల నాన్నగారు కట్టిన ఇంట్లో ఒక్కతే ఉంటోంది. విజయనగరంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకుంటోంది. మా ఆవిడ లోపలికి వెళ్లి వంటిల్లు, పెరడు, నుయ్యి చూసి, వెనక తలుపు తీసి, ఏటి మెట్లు నాలుగిళ్ల అవతలేనని లెక్కపెట్టి వచ్చింది. వచ్చి అరుగు మీద కూర్చుంది. ఇంక అక్కణ్ణుంచి లేవదలచుకోనట్టుగా కూర్చుంది.

"ఇదే బావా" అంది.

"ఉండు, కొలవనీ" అన్నాను.

టేపు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. లోపల వెడల్పు పదిహేను అడుగులు. గోడలు పాతకాలంవి, ఒక్కొక్కటి అడుగున్నర మందం. రెండు గోడలకి మూడడుగులు. మొత్తం పద్దెనిమిది, అంటే ఆరు గజాలు. పొడవు నలభై రెండు అడుగులు, పద్నాలుగు గజాలు. ఆరు పద్నాలుగులు ఎనభై నాలుగు. తొమ్మిదితో గుణిస్తే ఏడు వందల యాభై ఆరు. ఎనిమిదితో భాగిస్తే తొంభై నాలుగు పోగా, శేషం నాలుగు.

టీచరమ్మ నా భుజం మీంచి కాగితం చూస్తోంది. "తొమ్మిదితో ఎందుకు బాబూ గుణించారు? ఎనభై నాలుగుని ఎనిమిదితో భాగించినా నాలుగే కదా వచ్చేది" అంది. మామూలుగానే అంది. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి.

నాకు ఒళ్లు మండింది. నేను ఏళ్లు పట్టి కనిపెట్టుకున్నది ఆవిడ నిలబడి నిలబడి చెప్పేసింది. "శాస్త్రంలో అలాగే ఉందండి" అని టేపు చుట్టేశాను. ఆవిడ ఇంకేదో అనబోతూ ఉంటే, "శ్వానాయం. మాకు పనికిరాదు" అన్నాను. మమ్మల్ని చూసి వచ్చిన ఇళ్ల బ్రోకరు ఒకడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

అరుగు మీంచి మా ఆవిడ లేవలేదు. "నాలుగైతే ఏటవుద్ది?" అంది.

"తగువులు."

"ఇప్పుడు సేత్తన్నావు కదేటి తగువు. ఇంకా కొననేలేదు."

టీచరమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. తిరుగు బస్సు ఎక్కాం. నరసన్నపేట దాటాక ఆమె అంది, "నీకు తెలుసు గదా. వద్దంటే వద్దు." నా లెక్క మీద ఆమెకి నమ్మకం ఉంది. అదే ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

తరువాత మరి మూడు ఇళ్లు చూశాను. ఒకటి ఆయం కుదిరింది గాని ఏటికి మైలు దూరం. ఒకటి కాగితాలు సరిగా లేవు. ఒకటి చూసిన రోజున ఆమెకి మెట్లెక్కే ఓపిక లేక ఆటోలోనే కూర్చుంది. కాగితం మీద అంకె నాలుగయింది, ఆరున్నరయింది. తొమ్మిది దాటాక రక్తం శుద్ధి చేయాలన్నారు. అందుకు మాకు టెక్కలి ఆసుపత్రిలో మంచం దొరికింది. వారానికి మూడుసార్లు ఊరి నుంచి తిప్పలేక టెక్కలిలోనే ఒక అద్దె గదిలోకి మారాం. అక్కడి నుంచి నేను పలాస డ్యూటీకి వెళ్లి వచ్చేవాణ్ణి. ఆ గదికి ఒకటే కిటికీ. అందులోంచి ఒక లారీ షెడ్డు కనిపించేది. ఆమె ఒక్కసారి కూడా ఆ ఇంటి మాట ఎత్తలేదు.

ఒక ఆదివారం మా ఇంటి ఓనరు మేడ మీద గది వేద్దామని మేస్త్రీని పిలిచాడు. అదీ గోడలు కలిసిన వీధే. పక్కింటాయన వచ్చి అడ్డుపడ్డాడు. నేను గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను.

"ఈ గోడ నాది కాదేటి?" అన్నాడు ఓనరు.

మేస్త్రీ బీడీ ఆర్పి, "నీదే మావా, ఎవులు కాదన్నారు? సగం నీది. మిగతా సగం ఆయనది" అన్నాడు.

"గోడని సగం ఎలాగ సేత్తావు? కత్తెట్టి కోత్తావేటి?"

"కొయ్యక్కర్లేదు. టేపెట్టు, సాలు. ఉమ్మడి గోడ ఎక్కడైనా సగమే లెక్క. మీ తాతనాటి నుంచీ అదే."

వాళ్లు ఇంకా చాలాసేపు అరుచుకున్నారు. నాకు వినబడలేదు. లోపల పదిహేను అడుగులు. రెండు గోడల్లో సగం సగం, అడుగున్నర. పదహారున్నర. అయిదున్నర గజాలు. పద్నాలుగుతో గుణిస్తే డెబ్భై ఏడు. ఎనిమిది తొమ్ములు డెబ్భై రెండు పోతే, అయిదు.

మళ్లీ చేశాను. మళ్లీ అయిదే. ఎన్ని ఇళ్లు కొలిచి ఉంటాను! అన్నీ తోటల్లో విడిగా ఉన్నవే. అన్నింటికీ నాలుగు గోడలూ పూర్తిగా వాళ్లవే. బయటి అంచు నుంచి బయటి అంచుకి టేపు పెట్టడమే నా చేతికి వచ్చు. పక్కవాడి సగం కూడా మా ఇంట్లో కలిపేసి, ఆ ఇల్లు పనికిరాదన్నాను.

ఆమె ముందు రోజే ఆసుపత్రి నుంచి వచ్చింది. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెప్పకుండా ఉండిపోవచ్చు. చెబితే ఆమెకి ఒరిగేది లేదనిపించింది. బియ్యం కడిగి ఎసట్లో పోశాను. గంజి వార్చాను. అప్పుడు చెప్పాను.

"ఆ ఇల్లు బాగానే ఉందే."

"ఏ ఇల్లు?"

"ఏటి దగ్గరది. గోడలు రెండూ మొత్తం ఏసీసాను నాను. సగం ఎయ్యాల. నాలుగు కాదు, అయిదు."

ఆమె నెమ్మదిగా ఇటు తిరిగింది. "అయిదంటే ఏటి?"

"వృషభాయం. మంచిది."

"అంటే కుక్క పోయి ఎద్దొచ్చిందన్నమాట." దుప్పటి భుజం దాకా లాక్కుంది. "ఎన్నాళ్లయింది మనం ఎల్లొచ్చి?"

"ఇరవై రెండు నెల్లు."

"అదైనా సరిగ్గా సెప్పినావు" అంది. నవ్విందో లేదో నేను చూడలేకపోయాను. "ఊరందరి ఇళ్లూ కొలిసినావు. మనకొక్కటి కొలవమంటే ఇలాగ సేసినావు బావా." తరువాత, "ఎల్లి అడుగు. అమ్మీసిందేమో సూడు. నాను ఇప్పుడు బస్సెక్కలేను. ఇల్లు ఉంటే మాత్రం వత్తాను" అంది.

మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. కోటబొమ్మాళి దగ్గర సంత రోజు కాబోలు, బస్సు ఆగిపోయింది. దిగి నడిచి పోదామా అనిపించింది. సందులోకి వచ్చేసరికి రేకు అక్కడే ఉంది. అక్షరాలు సగం ఎండకి పోయాయి.

టీచరమ్మ నన్ను గుర్తుపట్టింది. మంచినీళ్లిచ్చింది. ఇల్లెందుకు అమ్ముడుపోలేదని అడిగాను.

"మీవల్లే బాబూ" అంది. కోపంగా అనలేదు. "ఉద్దానం నుంచి లెక్కలాయనొచ్చి కుక్క ఆయం అని పోయాడని బ్రోకరు అందరికీ చెప్పాడు. వచ్చినవాళ్లు అరుగు దాకా వచ్చి వెళ్లిపోయేవారు. మా చెల్లెలు కబురు మీద కబురు. ఇల్లు తాళం వేసి పోలేక ఇక్కడే ఉండిపోయాను."

నా తప్పు ఒప్పుకున్నాను. గోడల సంగతి, సగం సంగతి, టెక్కలి మేస్త్రీ సంగతి అంతా చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, "ఆ రోజు నేను అదే చెప్పబోయాను. ఇవి ఉమ్మడి గోడలు బాబూ, సగమే మాది అని. మా నాన్నగారు సగమే లెక్క వేసుకుని కట్టారు. మీరు టేపు చుట్టేశారు" అంది.

గ్లాసు కింద పెట్టాను. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే సరిపోయేది. తొమ్మిది గురించి ఆవిడన్న మాట తీసుకోలేకపోయాను. అంతే జరిగింది. దానికి వేరే పేరు పెట్టడానికి చాలాసార్లు చూశాను, దొరకలేదు.

ధర గురించి బేరమాడలేదు. నా నోటిమాట వల్ల తగ్గిన ధరకి నేనే కొనడం బాగుండదని మొదట ఆవిడ అనుకున్నదే ఇచ్చాను. ఉద్దానంలో జీడితోట అమ్మేశాను. బ్రోకరుని పిలిచి, పదిమంది వినేలాగ నా లెక్క తప్పని చెప్పాను. అతను, "ఇప్పుడు సెప్పి ఏటి లాభం, మీరే కొనీసినారు కదా" అన్నాడు. నిజమే.

వైశాఖంలో మారాం. ఆసుపత్రిలో ఆమె మంచం కూడా శ్రీకాకుళానికి మార్పించాను. పాలు పొంగించడానికి ఆమె పొయ్యి దగ్గర నిలబడలేక పీట మీద కూర్చుని గిన్నెలోకి చూస్తూ ఉంది. పొంగగానే, "ఆపీ, ఆపీ, నేలపాలవుతున్నాయి" అని అరిచింది. ఆ ఇంట్లో ఆమె మొదటి కేక అది.

సాయంత్రం ఏటికి తీసుకెళ్లమంది. నాలుగిళ్ల దూరం. ప్లాస్టిక్ కుర్చీ ఒక చేత్తో, ఆమెని ఒక చేత్తో పట్టుకుని, రెండిళ్లకొకసారి కూర్చోబెట్టుకుంటూ వెళ్లాను. పై మెట్టు మీద కుర్చీ వేశాను. ఎదురుగా అంతా ఇసక. అవతలి గట్టు వారగా ఒక సన్నటి పాయ. అందులో ఎవరో గేదెల్ని కడుగుతున్నారు.

ఆమె చాలాసేపు చూసింది. "ఇదేటి బావా, ఇంత సన్నగా ఉంది?"

"ఎండాకాలం గదా."

"నాను సూసిందెప్పుడూ కార్తీకంలోనే. ఏరంటే నిండుగానే ఉంటాదనుకున్నాను ఇన్నేళ్లూ." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీ లెక్కే కాదులే. నాదీ తప్పింది."

నన్ను తేలికపరచడానికే అందని తెలుసు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఆ ఇంట్లో ఆమె ముప్ఫై ఎనిమిది రోజులు ఉంది. అందులో పదహారు ఆసుపత్రికే పోయాయి. మిగతా రోజుల్లో ఆమెకి నచ్చింది ఏరు కాదు, ఉమ్మడి గోడ. పక్కింటావిడ రుబ్బుతున్న చప్పుడు, వాళ్ల టీవీలో ఏడుపులు, చెంబు కింద పడడం, అన్నీ గోడలోంచి వినిపించేవి. మా తోటలో ఆమె పుట్టి బుద్ధెరిగి గాలి చప్పుడే విన్నది, టెక్కలి గదిలో లారీల మోతే. "ఇయ్యాల ఆళ్లకి పులుసు" అని మంచం మీంచే చెప్పేది. పక్కింటావిడ తెచ్చి ఇస్తే నిజంగానే పులుసు. నీళ్లు కొలత ప్రకారం తాగాల్సిన మనిషి, ఒక్క చెంచాడు నాలిక మీద వేసుకుని ఉప్పు ఎక్కువందని వంక పెట్టేది. ముప్ఫై తొమ్మిదో రోజు పొద్దున్న లేవలేదు.

ఊరికి తీసుకెళ్లాం. పన్నెండో రోజు అయ్యాక బంధువులంతా, "ఒక్కడివీ ఆ ఊర్లో ఏటి సేత్తావు, ఇక్కడే ఉండిపో" అన్నారు. తోట లేదు. ఇల్లు మాత్రం ఉంది, గాలికి తలుపులు కొట్టుకుంటూ. నేను వచ్చేశాను. ఎందుకొచ్చానని అడిగితే చెప్పడానికి పెద్ద కారణం లేదు. ఆమె రమ్మన్న చోటు ఇది. నేను ఆలస్యంగా తెచ్చాను. వెంటనే వదిలేసి పోతే మరీ అన్యాయమనిపించింది.

ఇప్పుడు నా రోజు ఇలా ఉంటుంది. పొద్దున్న ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్లి పలాస బండి ఎక్కుతాను. నౌపడ దగ్గర ఉప్పుమళ్లు చూస్తాను. కాటా దగ్గర నిలబడతాను. సాయంత్రం తిరుగు బండి. వచ్చి తాళం తీస్తాను. వండుకునేది ఒక గ్లాసు బియ్యం. మొదట్లో అలవాటు చొప్పున రెండు గ్లాసులు పోసేవాణ్ణి, మిగిలింది మర్నాడు తినేవాణ్ణి. ఇప్పుడు తప్పు రావడం లేదు. ఆయం చూడమని ఊళ్లోంచి ఫోన్లు వస్తాయి. రాలేనని చెబుతాను. పక్కింట్లో చెంబు పడితే నేను ఉలిక్కిపడతాను గాని, వాళ్లకి ఇవాళ ఏమిటో నాకు తెలియదు. ఆమెకి ఎలా తెలిసేదో అడిగి ఉండాల్సింది.

శ్రావణంలో పైన ఒడిశాలో వానలు పడి ఏరు వచ్చింది. ఆదివారం, నేను ఇంట్లోనే ఉన్నాను. సందులో మనుషులు పరిగెడుతుంటే నేనూ వెళ్లాను. ఇసక లేదు, గేదెల పాయ లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఎర్రటి నీళ్లు, మధ్యలో ఒక తాటిమాను తిరుగుతూ పోతోంది. నిండుగా ఉంది. ఆమె చెప్పినట్టే ఉంది. నీళ్లలో చెయ్యి పెట్టాను. మెట్లు లెక్కపెట్టాను. మొత్తం ఇరవై ఒకటి, పైకి కనిపిస్తున్నవి ఆరు. పక్కవాళ్లతో ఆ మాట అందామని తల తిప్పాను. అందరూ వాళ్ల వాళ్లతో ఉన్నారు.

తిరిగి వస్తుంటే పక్కింటావిడ తన గుమ్మంలో నిలబడి ఉంది. "ఏటి అన్నియ్యా, ఎక్కడిదాకా వచ్చినాయి?"

"ఆరు మెట్లున్నాయమ్మా."

"సాయంత్రానికి అయీ ఉండవు" అని ఆవిడ లోపలికెళ్లి సామాన్లు అటక మీదికి ఎక్కించడం మొదలుపెట్టింది. గోడ ఇవతల నిలబడి కాసేపు ఆ చప్పుడు విన్నాను. తరువాత నేను కూడా నా బియ్యం డబ్బా, ఆమె చీరల పెట్టె పైకి ఎక్కించాను. ఒక్కడికి ఆ పని పావుగంట పట్టింది.